చుట్టాల కోసం చేసిన సముద్రం

సముద్రం లేని ఊళ్ళో కూర్చుని ఉద్యోగమంతా సముద్రం మీదే చేసి రిటైరైనదాన్ని నేను. పుట్టింది అనంతపురం వైపు, బిందెడు నీళ్ళ కోసం కొట్లాడుకునే ఊళ్ళో. ఉండేది తార్నాకలో. పనిచేసింది యూనివర్సిటీ క్యాంపస్‌లో, రాతి భవనం వెనక చెట్ల చాటున ఉన్న ఒక ల్యాబులో. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, బంగాళాఖాతంలో కంటికి కనపడని మొక్కలు ఎంత పెరుగుతున్నాయో లెక్క కట్టేదాన్ని. మా చుట్టాలు ఈ మాట విని మొదట నవ్వేవాళ్ళు, తర్వాత జాలిపడేవాళ్ళు. "ఏదో ఒక ఆఫీసు పనిలేమ్మా" అని సర్దిచెప్పేవాళ్ళు.

ఇప్పుడు ఈ పనిలోకి బోలెడుమంది పిల్లలు వస్తున్నారు. మీ కంప్యూటర్లు మావాటికంటే వేగంగా పనిచేస్తాయి, తప్పులు కూడా అంతే వేగంగా చేస్తాయి. అందుకే మా ల్యాబులో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలనిపించింది. ఎవరి పేర్లూ రాయను. పేరు రాయదగ్గ మనిషి ఇందులో ఒక్కతే ఉంది, ఆ అమ్మాయి వద్దంది.

పని గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. ఉపగ్రహం మన తీరం మీదుగా పోతూ సముద్రం రంగు చూస్తుంది. నీళ్ళలో తేలే సన్నని మొక్కలున్నాయి, వాటిని వృక్ష ప్లవకాలంటారు. వాటిలోని పత్రహరితం వెలుతురులో నీలాన్ని మింగేస్తుంది. కాబట్టి నీలం తగ్గి ఆకుపచ్చ మిగిలిన చోట ప్లవకాలు ఎక్కువని లెక్క. దానికి ఎండ ఎంత, నీళ్ళ వేడి ఎంత అన్నది కలిపితే, ఆ మొక్కలు రోజుకు ఎంత తిండి తయారుచేస్తున్నాయో అంచనా వస్తుంది. సముద్రం ఉత్పాదకత అంటే అదే. చేపలన్నీ చివరికి దాని మీద బతికేవే.

చిక్కు ఎక్కడంటే, నది తెచ్చే మట్టి కూడా నీలాన్ని మింగుతుంది. ఆకులు కుళ్ళి నానిన నీళ్ళు కూడా మింగుతాయి. నీలం ఎవరు మింగారో ఆకాశంలో ఉన్న పరికరానికి తెలియదు. సముద్రాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, అనుమానం ఉన్న ప్రతి గడి మీదా సాఫ్ట్‌వేర్ ఒక గుర్తు పెడుతుంది. ఇక్కడ మబ్బు అంచు, ఇక్కడ బురద, ఇక్కడ లోతు తక్కువ, నమ్మొద్దు అని. ఆ గడులు తీసేసి మ్యాపు వేస్తే ఆ చోట తెల్లగా ఖాళీ మిగులుతుంది. వానాకాలంలో మా మ్యాపులు సగానికి సగం తెల్లగానే ఉండేవి.

మా విభాగాధిపతికి ఆ తెలుపు గిట్టేది కాదు. ఆయన్ని అందరూ పెద్ద సార్ అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. సముద్రం మీద ఆయన ఎన్నో ఉపన్యాసాలిచ్చారు. సముద్రం మీదికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దాకా పోయే లాంచీలోనే ఆయనకు కళ్ళు తిరిగాయి. విభాగం పిక్నిక్‌లో నేనే పక్కన కూర్చుని సోడా తాగించాను.

ఒకసారి ల్యాబు చూడ్డానికి ఒక పెద్ద అతిథి వచ్చాడు. గోడమీది మ్యాపు చూసి, తెల్ల ఖాళీల మీద వేలుపెట్టి, "ఇక్కడ సముద్రం లేదా?" అని అడిగాడు. వెంట ఉన్నవాళ్ళు నవ్వారు. 'ఇక్కడ మాకు తెలియదండీ' అని ఒక్క మాట చెబితే సరిపోయేది. తెలియదు అనడం పెద్ద సార్‌కు చేతకాని పని. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అతిథి కారెక్కగానే నా కుర్చీ దగ్గరికొచ్చారు.

"మేడమ్, ఈ వైట్ ప్యాచెస్ ఏంది? మొత్తం పరేషాన్ అయిపోయింది. నీట్‌గా ఫిల్ చేయండి."

"సార్, అవి కావాలనే వదిలినాము. ఆడ మబ్బు ఉండాది, బురద ఉండాది. పూడిస్తే అబద్ధమైతాది."

"గెస్టులకు అంత డీటెయిల్ ఎందుకు మేడమ్? నిండుగ కనపడాలె. అంతే."

అప్పటినుంచి మా ల్యాబులో ఒక ఆచారం మొదలైంది. నేను ప్రతి ఏడూ రెండు మ్యాపులు చేసేదాన్ని. ఒకటి పనికి, ఒకటి చుట్టాలకు. పని మ్యాపులో గుర్తులన్నీ ఉంటాయి, తెలుపు తెలుపుగానే ఉంటుంది. చుట్టాల మ్యాపులో గుర్తులు తీసేసి ఖాళీలన్నీ రంగుతో నింపేవాళ్ళం. పండక్కి ఇల్లు కడిగి చిరిగిన పరుపు మీద కొత్త దుప్పటి పరిచినట్టు. మొదట మబ్బు గుర్తు ఒక్కటే తీయించారు. మరుసటి ఏడు విదేశీయులు వస్తున్నారని బురద గుర్తు తీయించారు. ఆ తర్వాత ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడని లోతు గుర్తు కూడా పోయింది. చుట్టం స్థాయి పెరిగేకొద్దీ మా సముద్రం ఇంకా ఎర్రగా, ఇంకా నిండుగా తయారైంది. మ్యాపుల్లో ఎరుపంటే ఉత్పాదకత ఎక్కువని అర్థం.

ఆ లెక్కలున్న ఫోల్డరుకు నేను 'అతిథులకు మాత్రమే' అని పేరు పెట్టాను. ఒక రోజు ఎవరో వచ్చినప్పుడు తెరమీద ఆ పేరు కనపడిందట. పెద్ద సార్‌కు మళ్ళీ చెవులు ఎర్రబడ్డాయి. "అట్ల పేరు పెడ్తరా ఎవరన్నా? ఇజ్జత్ తీస్తున్నరు. మార్చండి" అన్నారు. ఏం పెట్టమంటారు సార్ అంటే, క్షణం కూడా ఆలోచించకుండా 'ఫైనల్' అన్నారు. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఫైనల్ అన్న ఫోల్డరును నమ్మి ఉంటే, మీ సంగతి మీకే తెలియాలి.

అంతవరకూ అది ఉత్త గోడమీది అలంకారం, ఎవరికీ నష్టం లేదు. ఆ తర్వాత ఆయన దగ్గర పీహెచ్‌డీకి ఒక అమ్మాయి చేరింది. జనగామ దగ్గర రైతుల ఇంటి పిల్ల. సీతాఫల్‌మండిలో ఇంకో ముగ్గురితో కలిసి గదిలో ఉండేది, రోజూ క్యాంపస్‌కు నడిచి వచ్చేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. గోదావరి సముద్రంలో కలిసే చోట ప్లవకాల ఉత్పాదకత ఏటేటా ఎలా మారుతోందన్నది ఆమె విషయం. చదవాల్సినవన్నీ చదివి ఆమె లెక్కల దాకా వచ్చేసరికి నేను మోకాలి ఆపరేషన్‌కు చాలా నెలలు సెలవు పెట్టాను. డేటా కావాలని ఆమె అడిగితే పెద్ద సార్ స్వయంగా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి ఇచ్చారు. ఏ ఫోల్డరు ఇచ్చారో మీరు ఊహించే ఉంటారు.

తన మాట మీద తయారైన అబద్ధాన్ని తనే మరిచిపోయి, తనే నమ్మిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

లెక్కలు చేస్తే గోదావరి నోటి దగ్గర ఉత్పాదకత ఏడాదికేడాది పెరుగుతున్నట్టు వచ్చింది. పెద్ద సార్ ఆనందానికి హద్దు లేదు. మంచం మీద కాలు చాపుకుని టీవీ చూస్తుంటే ఒక సాయంత్రం ఆయన తెరమీద ప్రత్యక్షమయ్యారు. రామంతాపూర్ టీవీ కేంద్రం నుంచి కెమెరా వాళ్ళను పిలిపించి, వెనకాల ఎర్రటి మ్యాపు పెట్టుకుని, మన తీరంలో ప్లవకాలు విపరీతంగా పెరుగుతున్నాయని, ఇక మత్స్యకారులకు అన్నీ మంచిరోజులేనని చెబుతున్నారు. మామూలుగా చుట్టాలకు చెప్పే కబుర్లేలే అనుకుని నేను చానల్ మార్చేశాను.

ఆ అమ్మాయి అంతటితో ఆగి ఉంటే ఏ గొడవా లేకుండా డాక్టరమ్మ అయ్యేది. ఆగలేదు. కాకినాడ వెళ్ళి చేపల పడవలో వరద రోజుల్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి సముద్రంలోకి పోయింది. పోయినంతసేపూ వాంతులే. అయినా వరసగా సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చింది. ఆ నీళ్ళను గుండ్రటి వడపోత కాగితాల మీద వడగట్టి, వాటిలో పత్రహరితం ఎంతో, మట్టి ఎంతో విడివిడిగా కొలిచింది. తీరానికి దూరంగా పట్టిన నీళ్ళలో ఉపగ్రహం చెప్పిందీ సీసా చెప్పిందీ దగ్గరదగ్గరగా సరిపోయాయి. నది నోటి దగ్గర మాత్రం ఉపగ్రహం పంట అంది, సీసా ఉత్త బురద అంది.

ఆమె పోయి పెద్ద సార్‌కు చూపిస్తే ఆయన కాగితం వైపు చూడనైనా చూడలేదట. "సీసాలు సరిగ కడగలేదు నువ్వు. శాటిలైట్ అంత పైనుంచి చూస్తది, దానికి తప్పెట్ల వస్తది?" అన్నారట.

నేను కర్ర పట్టుకుని తిరిగి ఉద్యోగంలో చేరేసరికి ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఆఖరి నెలల్లో పడింది. ఆలోపు అందరి ముందూ సెమినార్ ఇచ్చి, గైడ్ సంతకంతో థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ చదువూ గాలికి పోతుంది. మళ్ళీ మొదటినుంచి చేరాలి. ఇంటి దగ్గర అప్పటికే ఓపిక అయిపోయింది. పెద్ద సార్ తెగేసి చెప్పారు. సీసాల సంగతి తీసేసి ఎర్రటి మ్యాపుతో థీసిస్ రాస్తే సంతకం, లేకపోతే లేదు.

సెమినార్‌కు ముందు రోజు సాయంత్రం ఆమెను తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్‌కు తీసుకుపోయాను. ఛాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. బ్యాగులోంచి గ్రాఫు తీసి బల్లమీద పరిచింది.

"మేడమ్, జర గిది చూడుర్రి. ఏడాదికేడాది పెరుగుతున్నది. కానీ సాఫ్‌గ పెరుగతలేదు. మెట్ల లెక్క ఎక్కుతున్నది. గిట్ల ఎందుకైతున్నదో నాకు సమజ్ అయితలేదు."

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. నాకు సమజయింది. ఒక్కో మెట్టునూ గుర్తుపట్టాను. ఇది మబ్బు గుర్తు తీసిన ఏడు. ఇది విదేశీయులు వచ్చారని బురద గుర్తు తీసిన ఏడు. ఇది అధికారి కోసం లోతు గుర్తు తీసిన ఏడు. పెరిగింది ప్లవకాలు కాదు, మా ఇంటికొచ్చే చుట్టాల హోదా. నాకు పట్టరాని నవ్వొచ్చింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేంత నవ్వాను. ఆ పిల్ల మొహం చూశాక నవ్వు దానంతట అదే ఆగిపోయింది.

"నీకు ఇచ్చింది చుట్టాల మ్యాపు పాపా" అని సంగతంతా చెప్పాను.

ఆమె గ్రాఫు మడిచి బ్యాగులో పెట్టింది. తర్వాత, "మా ఊళ్ళె కొత్త నీళ్ళొస్తే చెరువు ఎర్రగైతది మేడమ్. దాన్ని సూసి నాచు పట్టిందని ఎవలన్నా అంటరా?" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నేనేం జేయాలె? గడువు దాటిపోతే మా నాయినకు ఏం మొహం సూపియ్యాలె?"

"పని మ్యాపు నా దగ్గర భద్రంగా ఉండాది. రేపు పొద్దునకి నీకిస్తా. దాంతో నది నోరంతా తెల్లగా వస్తాది. వానకాలంలో ఆడ ఏమీ చెప్పలేవు. దూరంగా ఉన్న సముద్రం గురించి చెప్పొచ్చు, ఆడ పెరుగుదల ఏమీ లేదు. ఏది చూపిస్తావో నీ ఇష్టం. నేనైతే నీకు చెప్పను పాపా, పోయేది నీ డిగ్రీ."

"రెండూ ఇయ్యుర్రి మేడమ్" అంది.

సెమినార్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, సమోసాల వాసన వస్తోంది. విభాగం విభాగమంతా వచ్చింది. ముందు వరసలో పెద్ద సార్, పక్కన తీరం వైపు నుంచి వచ్చిన నిపుణుడు. జీవితమంతా ఓడల మీద తిరిగి చర్మం కమిలిపోయిన ముసలాయన. నేను ప్రొజెక్టర్ దగ్గర ఉన్నాను. మా ఆచార్యుల గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళలో కనీసం ఇద్దరికి ఈ రెండు మ్యాపుల సంగతి తెలుసు. ఒకాయన సమోసా తింటున్నాడు, ఇంకొకాయన ఫోను చూసుకుంటున్నాడు.

అమ్మాయి మొదట ఎర్రటి మ్యాపు చూపించింది. పెద్ద సార్ కుర్చీలో వెనక్కి వాలారు, తలలన్నీ ఊగాయి. తర్వాత గ్రాఫు, మెట్లతో సహా. ఆ తర్వాత, "ఇదే డేటాని అనుమానం ఉన్న గడులు తీసేసి చూస్తే ఇట్ల ఉంటది సార్" అని రెండో మ్యాపు వేసింది. గోదావరి నోరు మొత్తం తెలుపు. హాల్లో సమోసా నమలడం ఆగిపోయింది.

ఆమె చిన్న చిన్న ప్లాస్టిక్ మూతల్లో పెట్టిన వడపోత కాగితాలు ముందు వరసకు అందించింది. వరదప్పుడు నది నోటి దగ్గర వడగట్టినవి, మట్టి తూకం కోసం ఎండబెట్టినవి. ఒక్కొక్కటీ మాడిన రొట్టె రంగులో ఉంది. ముసలాయన ఒకటి తీసుకుని వేలితో మెల్లగా రాసి, వేలిని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత మా పెద్ద సార్ వైపు తిరిగాడు.

"ఇది గోదారి మట్టి. దీన్నా మీరు టీవీలో ప్లవకాలన్నారు? అక్కడ తెలుపుండాలి కదండీ, ఎవరు పూడ్చారు దాన్ని?"

పెద్ద సార్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. హాలు వెనక్కి తిరిగి నావైపు చేయి చూపించారు. "మా మేడమ్ ప్రాసెసింగ్ చూస్తరు సార్."

కోపంతో నాకు ఒళ్ళు మండిపోయింది. మోకాలి నొప్పి కూడా మరిచిపోయి లేచాను. "అవును సార్, నేనే పూడ్చినాను. చుట్టాల కోసం పూడ్చమని సార్ చెప్తే పూడ్చినాను. చదువుకునే పిల్లలు ముట్టుకోకూడదని దాని మీద 'అతిథులకు మాత్రమే' అని పేరు కూడా రాసినాను. ఆ పేరు తీసేసి 'ఫైనల్' అని పెట్టమనిందీ సారే. ఈ పాపకు దాన్ని చేతికిచ్చిందీ సారే."

హాలంతా ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏం జరుగుతుందో నాకు తెలుసు, అంతకుముందు చాలాసార్లు చూశాను. మొదట చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత గొంతు సవరించుకున్నారు. తర్వాత, నేను కలలో కూడా ఊహించనట్టుగా, చిరునవ్వు నవ్వారు.

"కరెక్టే సార్. నేనే ఇచ్చిన. కావాలనే ఇచ్చిన. స్టూడెంట్ పట్టుకుంటదా లేదా అని టెస్ట్ చేసిన. చూసిండ్రు కదా, పట్టుకున్నది! దిస్ ఈజ్ మై మెథడ్."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో కాదు, ఆ సమోసా ఆయనే. తర్వాత అందరూ కొట్టారు. ముసలాయన మా పెద్ద సార్‌ను ఎగాదిగా చూసి, "అయితే ఈ అమ్మాయి మీ పరీక్ష పాసయినట్టే కదండీ. సంతకం ఎప్పుడు పెడుతున్నారు?" అన్నాడు. అంతమంది ముందు ఆయన ఇంకేమంటారు? ఇవాళే పెడ్తా అన్నారు. పెట్టారు కూడా.

నేను ఊరుకునేదాన్ని కాదు. డీన్ దగ్గరికి పోయి ఆ అబద్ధాన్ని ఉతికి ఆరేద్దామని మెట్లు దిగుతుంటే ఆ పిల్ల వెనకనుంచి వచ్చి చేయి పట్టుకుంది. "మేడమ్, మీ కాళ్ళు మొక్కుత, ఇప్పుడు లొల్లి జేయకుర్రి. ఆయనది టెస్ట్ గాదని తేలితే ఆ సంతకం గూడ వాపస్ పోతది" అంది. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పినందుకు రావలసిన డిగ్రీ, ఆయన అబద్ధానికి నేను నోరు మూసుకుంటేనే వస్తోంది. ఇంతకన్నా దిక్కుమాలిన సంగతి ఇంకేముంటుంది? నోరు మూసుకున్నాను. ఆ పిల్ల థీసిస్‌లో నది నోటిని తెల్లగానే వదిలేసి, ఎందుకు వదిలేయాలో ఒక అధ్యాయం రాసింది. గడువులోపే ఇచ్చింది. డిగ్రీ వచ్చింది, ఎక్కడో ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు ఆ సంతకాన్ని ఎవరూ వాపస్ తీసుకోలేరు, అందుకే రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. విభాగంలో కొత్తగా చేరే పిల్లలకు మొదటి వారంలో పెద్ద సార్ ఈ కథ చెబుతారట. తప్పుడు డేటా ఇచ్చి శిష్యురాలిని పరీక్షించిన గురువు కథ. మీరు విని ఉంటే, అందులో నేనూ లేను, మట్టీ లేదు, లాంచీలో సోడా కూడా లేదు.

నా రిటైర్మెంట్ రోజున శాలువా కప్పి, దండ వేసి, పెద్ద సార్ తన చేతులతో ఒక పటం బహూకరించారు. బంగారు రంగు చట్రంలో, అద్దం కింద, ఆ ఎర్రటి మ్యాపే. "మేడమ్ లైఫ్ టైమ్ వర్క్" అన్నారు. విసిరికొడదామనుకున్నాను, కానీ బరువుగా ఉంది, ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చి మంచం కిందికి తోసేశాను.

మొన్నామధ్య ఆ అమ్మాయి తార్నాకలో మా ఇంటికి వచ్చింది. పటం సంగతి చెబితే పడీపడీ నవ్వింది. మంచం కిందనుంచి లాగి, దుమ్ము తుడిచి, వెనకున్న మేకులు ఊడదీసి అద్దం తీసింది. బ్యాగులోంచి ఆ వడపోత కాగితం ఒకటి బయటపెట్టి, గోదావరి నోటి మీద సరిగ్గా చూసుకుని జిగురుతో అతికించింది. అద్దం మళ్ళీ బిగించి ముందుగదిలో గోడకు తగిలించి పోయింది.

ఇంటికొచ్చిన చుట్టాలు సోఫాలో కూర్చుని ఆ పటం చూస్తారు. ఎంత బాగుందో అంటారు. ఆ తర్వాత లేచి దగ్గరికి పోయి, "అయ్యో, ఇంత మంచి పటం మీద ఈ మట్టి మరక ఏందమ్మా, తీసేయగూడదా?" అని అడుగుతారు.

అందులో నిజం సముద్రం ఆ మరక మేరకే ఉందని చెప్పి, కాఫీ పెట్టడానికి లోపలికి పోతాను.